తోలు, మెష్, టూరింగ్: మన ఘాటీలకి ఏ జాకెట్?

బండి మీద వేసుకునే జాకెట్ కొనడానికి వైజాగ్ వెళ్తున్నానంటే మా అమ్మ నవ్వింది. మా ఇంట్లో జాకెట్టు అంటే చీర మీదికి వేసుకునేదే. "రాయగడలో దర్జీలు లేరేట్రా?" అంది. ధర చెప్పాక నవ్వడం మానేసింది.

నేను ఒడిశాలోని రాయగడలో మందుల కంపెనీ రెప్‌ని. వారం వారం గుణుపురం, పర్లాకిమిడి, బిసంకటక్. నెలకి రెండుసార్లు కోరాపుట్, జయపురం. డాక్టర్లు ఖాళీగా ఉండే వేళకి బస్సులుండవు కాబట్టి తిరుగుడంతా బండి మీదే. పదకొండేళ్లలో మూడు జాకెట్లు కొన్నాను. మొదటిది తెలియక, రెండోది మోజుకొద్దీ, మూడోది బుద్ధి వచ్చాక. మొన్న మా తోటి రెప్, నాకంటే పదేళ్లు చిన్నవాడు, కొత్త బండి తీసి "అన్నా, ఇరవై వేలు పక్కన పెట్టాను, తోలుది తీసుకోమంటావా?" అని అడిగాడు. టీ కొట్టు దగ్గర వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన దారుల సంగతి, అంటే ఘాటీల, కొండదారుల సంగతి. జాకెట్ల గురించి తెలిసినవాళ్లు చెప్పేదంతా చలిదేశాల లెక్కలోనో బెంగళూరు లెక్కలోనో ఉంటుంది. రాయగడ నాగావళి పక్కన పల్లంలో ఉంది, సముద్రమట్టానికి 200 మీటర్ల చిల్లర. కోరాపుట్ దాదాపు 870 మీటర్లు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ, 1672 మీటర్లు, సెమిలిగుడకి దగ్గర్లోనే. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. దానికి బండి మీద కొట్టే గాలి తోడవుతుంది. సాలూరులో చెమటతో బయల్దేరి 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి, పొట్టంగి ఎక్కేసరికి జనవరిలో పళ్లు టకటకలాడతాయి. మే నెలలో రాయగడ తారురోడ్డు పెనంలా ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, ఆ చివర్లో తుపానులు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గుణుపురం వైపు నెలల తరబడి ఏం రోడ్లు, ఏం వంతెనలు! ఇన్ని రకాల వాతావరణానికీ సరిపోయే జాకెట్ ఒక్కటీ లేదు. ఉందని ఎవరైనా అమ్మితే, అది ఏ కాలానికీ పూర్తిగా పనికిరాదని అర్థం.

ఇప్పుడు తోలు. బండి జాకెట్ అనగానే అందరి కళ్లకీ కట్టేది అడ్డంగా జిప్పున్న ఆ నల్ల జాకెట్టే. 1928లో న్యూయార్క్ షాట్ కంపెనీ పెర్ఫెక్టో అని పేరు పెట్టి తెచ్చిన నమూనా అది, అప్పటి ధర ఐదున్నర డాలర్లు. చలిదేశంలో పుట్టిన బట్ట, అది మరిచిపోకూడదు. రోడ్డు మీద జారుతూ పోయేటప్పుడు రాపిడికి తోలు తట్టుకున్నట్టు అదే మందం గుడ్డ తట్టుకోవడం కష్టం. ఒంటికి అంటుకుని ఉంటుంది, గాలికి రెపరెపలాడదు, చూసుకుంటే పదిహేనేళ్లు మన్నుతుంది. బరువు రెండున్నర, మూడు కిలోలు. మేలో వేసుకుంటే ఆవిరి పట్టినట్టే.

తోలు కొనేటప్పుడు మొదట మందం చూడాలి. బండికి పనికొచ్చేది 1.1 నుంచి 1.4 మిల్లీమీటర్లు ఉంటుంది. మాల్‌లో అమ్మే సోకు జాకెట్లు మిల్లీమీటరు కూడా ఉండవు. వేలికీ బొటనవేలికీ మధ్య చిటికె పట్టి చూస్తే తెలిసిపోతుంది, గొర్రెపిల్ల తోలైతే రుమాలులా నలుగుతుంది. భుజం దగ్గరా మోచేయి దగ్గరా కుట్టు ఒక వరసేనా, రెండు మూడు వరసలున్నాయా చూడండి. పడ్డప్పుడు చాలాసార్లు తోలు నిలబడుతుంది, కుట్టు విడిపోతుంది. ఇంకో మాట. మా అమ్మ రెండో ప్రశ్న "అది ఆవు తోలా?" అని. మనవైపు చాలా ఇళ్లలో ఈ ప్రశ్న వస్తుంది. మేక తోలు తేలిక, గట్టిది కూడా. గేదె తోలు మందం, కాస్త మోటు. కొట్టువాడు "జెన్యూన్ లెదర్" అంటే ఊరుకోకుండా ఏ జంతువుదో అడగండి. ఇంట్లో గొడవా తప్పుతుంది, మీకూ సరుకేమిటో తెలుస్తుంది.

మెష్ జాకెట్ అంటే ఛాతీకీ చేతులకీ వీపుకీ వలగుడ్డ, పడితే నేలకి తగిలే చోట్ల మాత్రం గట్టి గుడ్డ. మన ఎండలకి ఇదే. గాలి సూటిగా ఒంటికి తగులుతుంది. రాయగడ, మునిగుడ వైపు పొడి ఎండలో లోపలి టీషర్టు తడిపి పిండి వేసుకుంటే అరగంట ఏసీలో కూర్చున్నట్టుంటుంది. బరంపురం, గోపాల్‌పూర్ వైపు అదే పని చేస్తే ఉపయోగం లేదు. సముద్రపు గాలిలో తేమకి చెమటే ఆరదు, టీషర్టేం ఆరుతుంది? రాపిడి దగ్గర మెష్ తోలుకి తూగదు, అది ఒప్పుకుని కొనాలి. కానీ ఒంటి మీదున్న మెష్ జాకెట్ ఇంట్లో కొక్కేనికి వేలాడే తోలు జాకెట్ కంటే మేలు.

టూరింగ్ జాకెట్ అంటే పూర్తి గుడ్డది. కార్డురా అనే గట్టిరకం నైలానో, పాలియెస్టరో. ఛాతీ మీదా చంకల దగ్గరా గాలి జిప్పులు, లోపల విప్పి తీసే పొరలు, చలి లైనరూ వాన లైనరూ. ఇక్కడ ఒక అంకె చాలామందిని పడేస్తుంది. 600 డెనియర్ అని రాసి ఉంటే 500 డెనియర్ కంటే గట్టిదనుకుంటారు. డెనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, అంతే. 500 డెనియర్ కార్డురా నైలాన్, 600 డెనియర్ మామూలు పాలియెస్టర్ కంటే రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. అంకె కాదు, నూలు పేరు చదవండి.

లోపలి వాన లైనర్ గురించి నా అభిప్రాయం కాస్త ఘాటుగానే ఉంటుంది. పొట్టంగి దగ్గర మబ్బు కమ్మిందనుకోండి. బండి ఆపాలి, జాకెట్ విప్పాలి, లైనర్ జిప్పు చుట్టూరా పెట్టుకోవాలి, ఈలోపు తడిసిపోతారు. పెట్టుకున్నా పై గుడ్డ నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఘాటీ గాలికి ఐసుపెట్టెలా చల్లబడుతుంది. దానికంటే రెండు వేల చిల్లరకి విడిగా వానకోటు కొని, జాకెట్ మీద నుంచి వేసుకోవడం నయం. నీళ్లు ఆపే పొరని పైగుడ్డకే అతికించిన లామినేటెడ్ జాకెట్లు ఉన్నాయి, అవి నిజంగా బాగుంటాయి, ధరే బాగుండదు.

మోచేతులకి ప్యాడ్లున్న రైడింగ్ షర్టులు ఊళ్లో తిరగడానికి సరే. ఘాటీకి వద్దు.

ఏది తీసుకున్నా లోపలి చీటీ చదవందే బిల్లు కట్టకండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092, 2020లో వచ్చింది. అందులో తరగతులు ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, సింగిల్ ఏ. ఎక్కువ దెబ్బ తగిలే భాగాల గుడ్డని ట్రిపుల్ ఏకి 120 కిలోమీటర్ల వేగంతో సమానంగా, డబుల్ ఏకి 70, సింగిల్ ఏకి 45తో సమానంగా మిషను మీద రుద్ది చూస్తారు. బీ అంటే రాపిడికి ఏతో సమానమే కానీ ప్యాడ్లు లేనిది. సీ అంటే ప్యాడ్లే తప్ప రాపిడి నుంచి కాపాడే గుడ్డ కానిది. మెష్ ఎక్కువగా సింగిల్ ఏ. మంచి టూరింగ్‌లో డబుల్ ఏ దొరుకుతుంది.

ప్యాడ్లకి, అంటే ఆర్మర్‌కి, వేరే చీటీ. జేబులోంచి ఆర్మర్‌ని బయటికి లాగి చూడండి, కొట్టువాడు ఏమీ అనుకోడు, అనుకున్నా ఫరవాలేదు. దాని మీద అచ్చుపోసి ఉంటుంది. భుజం, మోచేతి ఆర్మర్‌కి ఈఎన్ 1621-1. దాని మీద 50 జూళ్ల దెబ్బ వేస్తే అవతలికి దాటే బలం సగటున 35 కిలోన్యూటన్లకి మించకపోతే లెవెల్ 1, 20కి మించకపోతే లెవెల్ 2. వీపుకి ఈఎన్ 1621-2, అక్కడ లెవెల్ 1కి 18, లెవెల్ 2కి 9. పక్కన టీ ప్లస్ అన్న గుర్తుందా అని వెతకండి. 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించి చూశారని అర్థం. మన మే నెలకి ఆ చిన్న గుర్తు చాలా ముఖ్యం, ఎందుకంటే కొన్ని రకాల మెత్తటి ఆర్మర్ వేడికి ఇంకా మెత్తబడుతుంది. వీపు జేబులో చెయ్యి పెట్టండి. చాలా జాకెట్లలో అక్కడ ఉండేది ఉత్త స్పాంజి ముక్క, దాని మీద ఏ అంకే ఉండదు. అలాంటి జాకెట్ నచ్చితే లెవెల్ 2 వీపు ఆర్మర్ విడిగా కొనే డబ్బు కూడా ధరలో కలిపి చూసుకోండి.

ఇంత రాశానా, ఇదంతా ఒక ఎత్తు, సైజు ఒక్కటీ ఒక ఎత్తు.

నా మొదటి జాకెట్ ఒక సైజు పెద్దది. లోపల స్వెట్టర్ పడుతుంది కదా అని తీసుకున్నాను. చిన్నప్పుడు బడి బట్టలు ఎదిగే ఒళ్లు కదా అని రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టించేవారు, ఆ బుద్ధి పోలేదు. సుంకి ఘాటీ దిగుతుంటే ఒక మలుపులో లారీలు చిమ్మిన కంకర. వేగం ముప్పై కూడా లేదు. ముందు చక్రం జారి ఎడమ పక్కకి పడ్డాను. లేచి దుమ్ము దులుపుకుని చూస్తే జాకెట్ చిరగలేదు, ఆర్మర్ మీద గీత కూడా లేదు. దెబ్బ తగిలే చోట అది ఉంటే కదా! వదులు చేతిలో గిర్రున తిరిగి మోచేతి మడత లోపలికి, సూది వేసే నరం ఉండే వైపుకి వచ్చి కూర్చుంది. రోడ్డుకి తగిలింది పలచటి గుడ్డ, దాని కింద నా ఎముక. మూడు వారాలు ఎడమ చేత్తో క్లచ్ పట్టలేక బస్సుల్లో తిరిగాను. ఖరీదైన ఆర్మర్ జేబులో ఉన్నా లేనట్టే అయింది.

అందుకే కొట్లో నేను చేయించే మొదటి పని ఇది. జాకెట్ వేసుకుని జిప్పులన్నీ పెట్టి, మోచేయి మడిచి, రెండో చేత్తో ఆర్మర్‌ని పట్టి తిప్పండి. అంగుళం కంటే ఎక్కువ తిరిగితే ఆ సైజు మీది కాదు. చేతి పట్టీలు బిగించి మళ్లీ చూడండి. భుజం ఆర్మర్ భుజం గుండు మీద టోపీలా కూర్చోవాలి, చేతి మీదికి జారకూడదు.

రెండో పని, బండి ఎక్కి కూర్చోవడం. వైజాగ్‌కి రాయగడ నుంచి రైలుంది, అయినా బండి మీదే వెళ్లమంటాను. కొట్టు ముందు మీ బండి మీదే కూర్చుని, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని చూస్తేనే అసలు కొలత. నిలబడ్డప్పుడు జాకెట్ చేతులు కాస్త పొడుగ్గా, బొటనవేలి మొదలు దాకా రావాలి. కూర్చుంటే మణికట్టు ఎముక దగ్గరికి సరిపోతాయి. నిలబడ్డప్పుడు అద్దంలో చక్కగా ఉన్నదే బండి ఎక్కాక మణికట్టు పైకి పోతుంది, చేతి తొడుగుకీ జాకెట్‌కీ మధ్య చర్మం కనిపిస్తుంది. నడుము వెనక కూడా అంతే. మెడ దగ్గర బొత్తాం పెట్టి తల తిప్పి వెనక చూడండి, గొంతు నొక్కితే వద్దు.

ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే దర్జీ దగ్గర ఛాతీ కొలిపించుకోండి. యూరప్ సైజు అంటే సెంటీమీటర్లలో ఛాతీ కొలతలో సగం. 100 సెంటీమీటర్లయితే 50. ఎల్, ఎక్స్ఎల్ అనేవి కంపెనీకో రకం, వాటిని నమ్మకండి.

ఇక్కడ తోలుకీ గుడ్డకీ ఒక తేడా ఉంది, ఎవరూ నాకు ముందు చెప్పలేదు. తోలు సాగుతుంది, గుడ్డ సాగదు. అందుకని తోలు జాకెట్ కొన్న రోజు బిగుతుగానే ఉండాలి. ఊపిరి ఆడాలి, చేతులు ముందుకి చాచగలగాలి, అంతకుమించి సుఖం ఆశించకూడదు. నెల తిరిగేసరికి వీపు, ఛాతీ వెడల్పులో కాస్త ఇస్తాయి. పొడుగులో మాత్రం ఇవ్వదు. మోచేతి దగ్గర మడతలు పడి చేతులు అరంగుళం పొట్టి కూడా అవుతాయి. గుడ్డ జాకెట్ కొట్లో ఎక్కడ నొక్కిందో ఐదేళ్ల తరవాతా అక్కడే నొక్కుతుంది. "వాడగా వాడగా లూజవుతుంది సార్" అని మెష్ జాకెట్ చూపిస్తూ అన్న కుర్రాణ్ణి నేను చూశాను. చలి లైనర్ తగిలించి ఒకసారి, తీసి ఒకసారి వేసి చూడండి. లైనర్ తీసినప్పుడే ఆర్మర్ కదలకుండా ఉండాలి, మన ఏడాదిలో ఎక్కువ నెలలు అలాగే వాడతాం.

కొత్త తోలుని ఒంటికి అలవాటు చేసుకోవడం ఓపిక పని. మొదటి రెండు వారాలు దూరాలు వద్దు. సాయంత్రం ఇంట్లో అరగంట వేసుకుని తిరగండి, నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. బండికి సెంటర్ స్టాండ్ వేసి, పైకెక్కి చేతులు హ్యాండిల్ మీద పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఫోను చూసుకోండి, ఫరవాలేదు. ఒంటి వేడికి తోలు మెత్తబడి మీరు కూర్చునే తీరులోనే మోచేతి మడతలు పడతాయి. ఒకసారి పడ్డ మడత మారదు, కాబట్టి అవి బండి మీదే పడాలి, సోఫాలో కాదు. తరవాత పర్లాకిమిడి దాకా ఒకటి రెండు తిరుగుళ్లు. ఆపైన ఘాటీ.

తొందరపడి చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి. నీళ్లలో ముంచి తడి మీద వేసుకుంటే ఒంటి అచ్చు పడుతుందని చెప్పేవాళ్లున్నారు. పూర్తిగా తడిసిన తోలు ఆరేటప్పుడు తనలోని నూనె పోగొట్టుకుని బిరుసెక్కుతుంది. ఎండలో ఆరేస్తే ఇంకా అన్యాయం. మా తాత కిర్రుచెప్పులకి ఆముదం పట్టించి నానబెట్టేవాడు, మూడేళ్లు వచ్చేవి. నేనూ ఆ తెలివి చూపించబోయాను. చెప్పు వేరు, రంగు వేసి పైన పూత పూసిన జాకెట్ వేరు. ఆముదమైనా కొబ్బరినూనె అయినా రంగు నల్లబడుతుంది, దుమ్ము పడుతుంది, కొన్నాళ్లకి కంపు కొడుతుంది. నా జాకెట్ కుడిచేతి లోపల అరచేయంత మరక ఇప్పటికీ ఉంది. తోలుకని అమ్మే కండిషనర్ కొనుక్కుని, మెత్తటి గుడ్డతో పలచగా, ముందు కాలరు లోపల ఒక మూల రాసి చూసి, తరవాత మడతలకి రాయండి. ఏడాదికి రెండుసార్లు చాలు. జిప్పు బిగిసిపోతే దాని పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి. దానికి మించిన మందు లేదు.

గుడ్డ జాకెట్‌కి అలవాటు చేసుకునేది తక్కువ. పట్టీలు ఏ గుంటలో పెడితే ఆర్మర్ నిలుస్తుందో చూసుకోవడం, మోచేతి ఆర్మర్ జేబులో పైకీ కిందికీ రెండు స్థానాలుంటే మీ మోచేతికి సరిపోయేది పెట్టుకోవడం, అంతే. ఉతికేటప్పుడు ఆర్మర్లన్నీ తీసేయండి. తిరిగి పెట్టేటప్పుడు ఎడమదీ కుడిదీ మారకుండా తీసే ముందు ఫోటో తీసుకోండి.

వానాకాలం మన ఇళ్లలో తోలుకి యముడు. తోలుది కొన్న మొదటి ఏడాది జూలైలో జాకెట్‌ని కవరులో చుట్టి బీరువాలో పెట్టాను, భద్రమని. వినాయక చవితికి తీస్తే కాలరు మీదా చంకల కిందా తెల్లగా బూజు, ఇడ్లీ పిండి చల్లినట్టు. పొడిగుడ్డతో తుడిచి, నీడన గాలికి మూడు రోజులు వేలాడదీసి, కండిషనర్ పట్టిస్తే వాసన మాత్రం దీపావళి దాకా ఉంది. అప్పటినుంచి కవరు లేదు, బీరువా లేదు. వెడల్పు భుజాలున్న చెక్క హ్యాంగరు మీద, ఫ్యాను తిరిగే గదిలో, గోడకి తగలకుండా ఉంటుంది. పదిహేను రోజులకోసారి వేసుకుని కూరల బజారుకి వెళ్లొస్తాను, ఉల్లిపాయల దగ్గర అందరూ చూస్తారు.

డబ్బు విషయం. రైనాక్స్, వయాటెర్రా, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి మన దేశపు పేర్లలో మంచి మెష్ ఏడు నుంచి పన్నెండు వేల మధ్య దొరుకుతుంది. టూరింగ్ పన్నెండు నుంచి ఇరవై. బండికి పనికొచ్చే తోలు పద్దెనిమిది, ఇరవై దగ్గర మొదలు. డైనీస్, ఆల్పైన్‌స్టార్స్ లాంటి ఇటలీ పేర్లయితే అక్కడికి రెట్టింపు పెట్టుకోండి. నెలకి నాలుగైదు రోజులు, అదీ చలికాలంలో, సరదాకి దేవమాలి ఎక్కేవాళ్లయితే తోలు కొనుక్కోండి, సంతోషంగా ఉంటారు. కోరాపుట్, జయపురంలో కాపురముండి ఎండకి పెద్దగా దిగనివాళ్లకి టూరింగ్. నాలాగా రోజూ పల్లానికీ కొండకీ మధ్య తిరిగేవాళ్లకి మెష్, దానికి లెవెల్ 2 ఆర్మర్, పైన వానకోటు, లోపల చలికి ఒక పలచటి ఉన్ని బనీను. తోలుకి పెట్టే డబ్బులో ఇవన్నీ వచ్చి ఇంకా చేతి తొడుగులకి మిగులుతుంది.

మావాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. తోలు మీదే మనసు. అయినా శనివారం వైజాగ్ వెళ్లాడు. సాయంత్రం సాలూరు డాబా దగ్గర నుంచి ఫోను, వెనక లారీల హారన్లు. "అన్నా, మెష్షే తీసుకున్నాను. నువ్వు చెప్పిన సైజుకి ఒకటి చిన్నదే సరిపోయింది. కొట్లో నాలుగు తిప్పి చూశాను, ఇక్కడ ఆగి మళ్లీ తిప్పి చూశాను. మోచేతిది కదలట్లేదు." ఘాటీలో కంకర ఎలా ఉందో చూసి రమ్మన్నాను.